మీ ప్రశ్నలు, మా జవాబులు: వెండి రూపాయి ఎంత అరిగింది?

ఇళ్లలో పెట్టెల అడుగున, పూజగదుల్లో దొరికిన పాత వెండి రూపాయల గురించి పాఠకులు చాలా ఉత్తరాలు రాశారు. ధర ఎంత అన్నది ఈ శీర్షికలో ముట్టుకోవడం లేదు. నాణెం ఏ స్థితిలో ఉందో తేలాకే ఆ మాట వస్తుంది కాబట్టి, ఆ స్థితిని తేల్చే పద్ధతి వరకే ఈ జవాబులు. స్థితిని చెప్పే మెట్లనే గ్రేడులంటారు. కింది నుంచి పైకి అవి గుడ్, వి.జి. (వెరీ గుడ్), ఫైన్, వి.ఎఫ్. (వెరీ ఫైన్), ఎక్స్.ఎఫ్. (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్), ఏ.యూ. (అబౌట్ అన్‌సర్క్యులేటెడ్, దాదాపు వాడనిది), యూ.ఎన్.సి. (అన్‌సర్క్యులేటెడ్, వాడకం చూడనిది).

ప్రశ్న: మా నాయనమ్మ పెట్టెలో విక్టోరియా రాణి రూపాయలు నాలుగు, ఎడ్వర్డ్‌వి మూడు, ఐదో జార్జివి ఏడు దొరికాయి. ఒకాయన చూసి అన్నీ వి.ఎఫ్. అన్నారు. ఇంకొకాయన సగం ఫైన్‌కి కూడా రావన్నారు. ఎవరి మాట నమ్మాలి? మేమే ఇంట్లో తేల్చుకోవచ్చా?

జవాబు: ఇద్దరూ చెరో వైపు చూసి ఉంటారు. ఐదో జార్జి రూపాయిలో బొమ్మ వైపు ముందు అరుగుతుంది, బొరుసు వైపు లతల చుట్టు చాలాకాలం నిలుస్తుంది. బొరుసు చూసినవారికి వి.ఎఫ్. అనిపించిన నాణెమే బొమ్మ చూసినవారికి ఫైన్ అనిపిస్తుంది. అందుకని రెండు వైపులకూ విడివిడిగా గ్రేడు వేసుకోండి. రెండింటిలో తక్కువదాన్నే నాణెం గ్రేడుగా రాసుకుంటే తర్వాత మాట పడక్కర్లేదు.

ముందు గదిలో ట్యూబులైటు ఆపేయండి. దాని వెలుగు నలుమూలలా పరుచుకుని అరుగుదలనీ గీతలనీ కూడా దాచేస్తుంది. ఒకే బల్బున్న టేబుల్ లైటు కావాలి. నాణేన్ని బల్బుకి ఒక అడుగు దూరంలో, బొటనవేలితో చూపుడువేలితో పక్క అంచులు మాత్రమే పట్టుకుని ఉంచండి. వేలు ముఖం మీద పడితే ఆ చెమట మరక కొన్నాళ్లకు నల్లగా తేలి మరి పోదు. కింద ఒక టవలు మడిచి వేసుకుంటే చేయి జారినా అంచుకు సొట్ట పడదు. 5 రెట్ల నుంచి 10 రెట్ల భూతద్దం సరిపోతుంది. ఇంకా పెద్దదైతే ప్రతి చుక్కా గొయ్యిలా కనిపించి మంచి నాణేన్ని కూడా పనికిరానిదని పక్కన పెట్టేస్తారు. మొదట వట్టి కంటితో, తర్వాత భూతద్దంతో, చివరికి మళ్లీ వట్టి కంటితో చూడండి.

నాణేన్ని కొంచెం వాల్చి నెమ్మదిగా తిప్పండి. టంకశాల నుంచి వచ్చిన మెరుపు మిగిలి ఉంటే వెలుగు విసనకర్ర విప్పినట్టు మధ్యనుంచి అంచుకు పరుచుకుని నాణెంతో పాటే తిరుగుతుంది. డై (నాణెం మీద బొమ్మ వేసే ఉక్కు అచ్చు) దెబ్బకి లోహం మధ్యలోంచి బయటికి పారినప్పుడు పడే కంటికానని గీతల వల్ల వచ్చే మెరుపు అది. రుద్ది తెచ్చిన మెరుపు ఇలా కదలదు, అద్దంలా ఒక్కచోటే తళుక్కుమంటుంది.

ఇక అసలు పని, ఎత్తైన చోట్లు వెతకడం. జేబులో, సంచిలో నాణెం దేనికి రాసుకున్నా ముందు తగిలేది అవే. అరిగిన చోట చుట్టూ ఉన్న మెరుపు తెగిపోయి మొద్దుబారిన బూడిద రంగు పలక కనిపిస్తుంది. అది గోరంత ఉన్నా సరే, ఆ నాణెం వాడకంలో తిరిగిందని అర్థం.

విక్టోరియా కిరీటం బొమ్మ 1862 నుంచి 1901 వరకు వచ్చింది. దాని మీద కిరీటం అడుగు పట్టీ, చెవి మీదుగా వెనక్కి దువ్విన జుట్టు, బుగ్గ ముందు చదునవుతాయి. ఆ తర్వాత రవిక మీది అల్లికపని. ఈ అల్లికే గ్రేడు చెప్పడానికి తేలిక. పూలూ గీతలూ విడివిడిగా తెలుస్తూ, పైకి ఉబ్బిన భాగం మాత్రమే నున్నబడితే వి.ఎఫ్. సగం అల్లిక కలిసిపోతే ఫైన్. రవిక మొత్తం నున్నటి పలకలా ఉంటే ఫైన్ కిందికి దిగినట్టే. 1840 రూపాయి మీద రాణి తలకు కిరీటం లేదు, అక్కడ చెవి పైన జుట్టుపాయలే ఆధారం.

1903 నుంచి 1910 దాకా వచ్చిన ఎడ్వర్డ్ రూపాయి మోసం చేస్తుంది. తల మీద కిరీటం లేదు, దుస్తులూ లేవు. వివరాలు తక్కువ కాబట్టి అరిగినా అరిగినట్టు కనిపించదు. చెవి పై అంచు, చెవి పైన పల్చటి జుట్టు, కనుబొమ్మ, గడ్డం, ఈ నాలుగే చూడాలి. చెవి లోపలి మడత పోయిందంటే ముఖం ఎంత నిండుగా ఉన్నా వి.ఎఫ్. అనకండి. బొరుసు వైపు పైన ఉన్న కిరీటం మధ్య వంపు కూడా చూడండి.

ఐదో జార్జి రూపాయిల్లో కిరీటం పట్టీలోని రత్నాలు, కనుబొమ్మ, చెవి, మీసం, ఆ తర్వాత నిలువుటంగీ మీది హారం, ఏనుగు చూడాలి. మెరుపు ఎక్కడా తెగకుండా ఉంటే యూ.ఎన్.సి. సంచుల్లో ఒకదానికొకటి తగిలిన చిన్న గంట్లుంటే ఉండొచ్చు, అవి అరుగుదల కాదు. కనుబొమ్మ, చెవి అంచు, రత్నాల కొనల మీద మాత్రమే మెరుపు చెదిరితే ఏ.యూ. ఆ చోట్లు కొంచెం చదునై, హారంలో కడియాలూ ఏనుగూ పదునుగా ఉండి, అక్షరాల సందుల్లో మెరుపు దాక్కుని ఉంటే ఎక్స్.ఎఫ్. మీసంలో వెంట్రుకల గీతలు కలిసిపోయి, ఏనుగు ఆకారం పూర్తిగా ఉన్నా లోపలి వివరం పోతే వి.ఎఫ్. రత్నాలు చాలావరకు చదునై ఏనుగు ముద్దలా ఉంటే ఫైన్. తల గీత, చుట్టూ అక్షరాలు, సంవత్సరం మాత్రమే మిగిలితే వి.జి., దానికీ కింద గుడ్. అమ్మేవారు గుడ్ అన్నారని సంబరపడకండి, ఆ వరుసలో అది అడుగునుంచి లెక్కపెట్టే మెట్టు.

ఒక జాగ్రత్త. 1911 రూపాయి మీద ఏనుగు తొండం పొట్టిగా ఉండి పందిలా కనిపిస్తోందని గొడవ లేవడంతో మరుసటి ఏడు డై దిద్దారు. 1911 నాణెంలో తొండం పొట్టిగా ఉంటే అది అరుగుదల లెక్కలోకి రాదు.

ప్రశ్న: గ్రేడు పక్కన 35, 45, 58 అని అంకెలు వేస్తున్నారు. అవి శాతాలా?

జవాబు: కాదు. నాణేల నిపుణుడు విలియం షెల్డన్ 1949లో అమెరికా పాత రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 వరకు వేసిన కొలబద్ద అది. తర్వాత అన్ని నాణేలకూ పాకింది. ఫైన్ 12, 15; వి.ఎఫ్. 20 నుంచి 35, ఎక్స్.ఎఫ్. 40, 45; ఏ.యూ. 50 నుంచి 58. వాడకం చూడని నాణెం 60 నుంచి 70. మెట్ల మధ్య దూరాలు సమానం కావు కాబట్టి వాటితో కూడికలు, సగటులు చేయకండి. ఇంట్లో చూసుకునేవారు అక్షరాల గ్రేడు దగ్గర ఆగిపోవడమే మేలు. 30కీ 35కీ తేడా చెప్పాలంటే అదే రకం నాణేలు పదుల కొద్దీ పక్కపక్కన పెట్టి చూసిన కన్ను కావాలి.

ప్రశ్న: నా దగ్గరున్న 1918 రూపాయి తళతళలాడుతోంది. అక్షరాలు కొత్తగా ఉన్నాయి. కానీ చెవి దగ్గర, జుట్టులో వివరం లేదు. వాడలేదనుకోవాలా, అరిగిందనుకోవాలా?

జవాబు: అచ్చు సరిగా పడని నాణెం కావచ్చు. డైలో అన్నిటికన్నా లోతైన చోటే నాణెం మీద అన్నిటికన్నా ఎత్తైన చోటవుతుంది. దెబ్బ చాలకపోతే లోహం ఆ లోతు దాకా ఎక్కదు. కాబట్టి అచ్చు తేలిపోవడం, అరగడం రెండూ ఒకేచోట కనిపిస్తాయి. గ్రేడు వేయడంలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

భూతద్దం పెట్టి ఆ చదును చోటు లోపలికి చూడండి. లోహం ఎక్కని చోట డై తాకలేదు కాబట్టి బిళ్ల (అచ్చు పడకముందున్న లోహపు ముక్క) పాత పైపొర అలాగే మిగిలి ఉంటుంది. సన్నటి గుంటలు, అడ్డదిడ్డం గీతలు, కొంచెం గరుకు. నాణెం వాలిస్తే చుట్టూ ఉన్న మెరుపు ఆ చోటు మీదుగా తెగకుండా సాగిపోతుంది. అరిగిన చోట గుంటలూ గరుకూ ఉండవు, సానపట్టినట్టు నున్నగా ఉండి మెరుపు దాని అంచు దగ్గర ఆగిపోతుంది.

ఇంకో పరీక్ష. ఆ చోటికి సరిగ్గా వెనక ఏముందో చూడండి. ఒక వైపు లోతైన డై లోహాన్నంతా లాగేసుకుంటే ఎదురుగా ఉన్న రెండో వైపుకు చాలదు. బొమ్మ మీద తేలిపోయిన చోటికి వెనక బొరుసులో కూడా గీతలు పల్చబడి ఉంటే తప్పు దెబ్బది. వెనక పదునుగా ఉండి బొమ్మ ఒక్కటే చదునైతే అరుగుదలని అనుమానించండి.

మూడో రకం కూడా ఉంది, అరిగిన డై. వేల నాణేలు కొట్టాక డై మీద గీతల అంచులు మొండివైపోతాయి. అలాంటి డైతో కొట్టిన నాణెంలో అక్షరాల పాదాలు అంచువైపు సాగినట్టుంటాయి, వివరం మసకగా ఉంటుంది, మెరుపు మాత్రం దండిగా ఉంటుంది. ఇదీ వాడకం కాదు. గ్రేడు రాసేటప్పుడు ‘ఎక్స్.ఎఫ్., అచ్చు బలహీనం’ అని రెండు ముక్కలూ రాయండి. ఒకటి రాసి రెండోది దాస్తే కొన్నవారు గొడవకు వస్తారు, అది న్యాయం కూడా.

ప్రశ్న: మా విక్టోరియా రూపాయి తూకం 11.31 గ్రాములే వచ్చింది. దొంగ నాణెమా?

జవాబు: తూకం ఒక్కదానితో ఆ మాట అనలేం. 1835 చట్టం నుంచి రూపాయి తూకం 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. అందులో 12 వంతులకు 11 వంతులు వెండి, మిగతాది రాగి. అర్ధరూపాయి 5.83, పావలా 2.92, రెండణాలు 1.46 గ్రాములు. ప్రమాణ తూకంలో 2 శాతానికి మించి తగ్గిన రూపాయి చెల్లదని 1906 నాణేల చట్టం చెప్పింది. ఆ లెక్కన హద్దు 11.43 గ్రాములు. మీది దాదాపు 3 శాతం తగ్గింది. బాగా అరిగి, బుగ్గా రవికా నున్నబడిన నాణేనికి అది నమ్మదగ్గ తూకమే. అదే జుట్టు గీతలు కూడా లెక్కపెట్టేలా ఉండి 11.31 తూగితే మాత్రం అనుమానించాలి. నకలైనా అయ్యుండాలి, అంచు గీకి వెండి తీసైనా ఉండాలి. అంచు చుట్టూ నిలువు గాట్లు ఒకే లోతులో ఉన్నాయా, ఒకచోట పల్చబడ్డాయా చూడండి.

అరుగుదల తూకాన్ని తగ్గిస్తుంది కానీ సాంద్రతని మార్చదు. అందుకే సాంద్రత కొలిస్తే సందేహం తీరుతుంది. గ్రాములో నూరో వంతు చూపే తక్కెడ కావాలి. నాణేన్ని పొడిగా తూచి రాసుకోండి. తక్కెడ మీద నీళ్ల గ్లాసు పెట్టి అంకెను సున్నా చేయండి. సన్నటి దారంతో నాణేన్ని కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకీ గోడలకీ తగలకూడదు, దారం మీ చేతిలోనో ఒక పుల్ల మీదో ఉండాలి. అప్పుడు తక్కెడ చూపేది నాణెం తోసేసిన నీటి బరువు. పొడి తూకాన్ని ఆ అంకెతో భాగించండి. మీ నాణెం అసలైతే నీళ్లలో 1.09, 1.10 దగ్గర చూపాలి. భాగిస్తే 10.3 అటూఇటుగా వస్తుంది. జర్మన్ సిల్వర్ నకలైతే 8.7 దగ్గర వస్తుంది, పైన వెండి పూత ఉన్నా పెద్దగా మారదు.

ఈ పరీక్షను చెడగొట్టేవి గాలి బుడగలు. అక్షరాల సందుల్లో అతుక్కున్న బుడగలు అంకెను 0.01 పెంచినా జవాబు 0.09 దాకా పడిపోతుంది. నీళ్లలో ఒక చుక్క సబ్బునీళ్లు కలిపి, నాణెం ముంచాక దారాన్ని ఒకసారి తట్టండి. మూడుసార్లు కొలిచి చూడండి. మూడూ దగ్గరగా రాకపోతే తప్పు తక్కెడదో మీ చేతిదో.

అయస్కాంతం మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోకండి. అది వెండికి అంటుకోదు, నిజమే; ఇత్తడికీ జర్మన్ సిల్వర్‌కీ కూడా అంటుకోదు. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయికి అంటుకుంటుంది, అది అసలు నాణెమే కానీ నికెల్‌ది.

ప్రశ్న: నకలు చేసేవాళ్లు అరిగినట్టు కూడా చేస్తారట. ఎలా కనిపెట్టాలి?

జవాబు: గుంటల్లో చూడండి. నిజంగా వాడిన నాణెంలో ఎత్తులు అరిగి పల్లాలు పదునుగా మిగులుతాయి. చెవి అంచు పోయినా చెవి లోపలి గీత ఉంటుంది, అక్షరం పైభాగం చదునైనా అది చుట్టూ ఉన్న ఖాళీ జాగాను తాకే చోట మూల పదునుగానే ఉంటుంది. పోతపోసిన నకలులో ఎత్తూ పల్లం ఒకే తీరుగా మెత్తబడి ఉంటాయి. అక్షరం మొదలు గుండ్రంగా ఆ ఖాళీ జాగాలోకి కలిసిపోతుంది. ఖాళీ జాగాలో సూదిమొనంత బుడగ గుంటలు కనిపిస్తాయి. పక్క అంచు చుట్టూ అతుకు గీతో, దాన్ని చెరపడానికి ఆకురాయి పెట్టిన గుర్తో ఉంటుంది.

మోగించి చూడాలంటే రాతి మీద వేయకండి, అంచుకు పడ్డ సొట్ట ఇక పోదు. నాణేన్ని వేలికొన మీద నిలిపి పెన్సిలుతో అంచుకు తట్టండి. వెండి సన్నగా, సాగుతూ మోగుతుంది. మొద్దుగా మోగినా వెంటనే దొంగదని తేల్చకండి, బీట పడిన అసలు నాణెం కూడా అలాగే మోగుతుంది.

ప్రశ్న: 1862 రూపాయిలు ఐదున్నాయి. అన్నీ అదే ఏడు కొట్టినవేనా? చుక్కలు లెక్కపెట్టమంటున్నారు.

జవాబు: 1862 అన్న అంకెనే మార్చకుండా చాలా ఏళ్లు కొట్టారు, 1874 నుంచి మళ్లీ ఏ ఏటికి ఆ ఏడు వేశారు. అసలు ఏ ఏడు కొట్టిందో తేల్చడానికి బొరుసు మీది చిన్న చుక్కల లెక్కను చూస్తారు, అవి అందుకే ముఖ్యం. చిక్కేమిటంటే అరుగుదలలో ముందు పోయేవి ఈ చుక్కలే. ఫైన్ కింది నాణెంలో రెండు చుక్కలు కనిపిస్తే మూడోది అరిగిపోయి ఉండొచ్చు. పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకుని చుక్క ఉండాల్సిన చోట నీడ ఉందా చూడండి. వి.ఎఫ్.కి తక్కువైతే చుక్కల లెక్కను రూఢిగా రాయకపోవడం మంచిది.

ప్రశ్న: మా ఇంట్లో చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం వెండి రూపాయిలు ఉన్నాయి. వీటికీ ఇదే పద్ధతా?

జవాబు: పద్ధతి అదే, చూసే చోట్లు వేరు. తూకం, వెండిపాలు కూడా వేరు: 11.18 గ్రాములు, వెయ్యికి 818 పాళ్లు. ఇంగ్లీషు రూపాయి లెక్కతో తూచి తక్కువైందనుకోకండి. ద్వారంలో ‘మీమ్’ అక్షరం ఉంటే మహబూబ్ అలీఖాన్ కాలంది, ‘ఐన్’ ఉంటే ఉస్మాన్ అలీఖాన్‌ది. గ్రేడుకు మాత్రం ఆ అక్షరాన్ని ఆధారం చేసుకోవద్దు. చుట్టూ కట్టడం కాపు కాయడం వల్ల అది ఆలస్యంగా అరుగుతుంది. మినార్ల మీది అడ్డ పట్టీలు, కమాను పై అంచు, పైవరస చిన్న కమానుల మధ్య గీతలు చూడండి. ఈ గీతలు విడివిడిగా ఉంటే వి.ఎఫ్. లేక అంతకన్నా పైన, కలిసిపోయి గోడలా ఉంటే ఫైన్. రెండో వైపు పారసీ అక్షరాల్లో ఒకదాని మీదుగా ఇంకొకటి దాటే చోట్లు ఎత్తుగా ఉంటాయి, ముందు అవి చదునవుతాయి.

ప్రశ్న: ఆర్కాటు రూపాయి అని ఇచ్చారు. సగం అక్షరాలు లేవు, పైగా చిన్న చిన్న ముద్రలు గుచ్చి ఉన్నాయి. పూర్తిగా అరిగిపోయినట్టేనా?

జవాబు: లేని అక్షరాలు అరగలేదు, అసలు పడనే లేదు. సుత్తితో కొట్టిన ఆ రోజుల్లో డై పెద్దది, బిళ్ల చిన్నది. డై మీది రాతలో కొంత భాగమే బిళ్ల మీదికి వచ్చేది. కాబట్టి ఏది లేదు అని కాక, పడిన అక్షరాల గట్టు ఎంత ఎత్తుగా, ఎంత పదునుగా ఉందని చూసి గ్రేడు వేయాలి. గుచ్చిన ముద్రలు సరాఫులవి, అంటే డబ్బు మార్చే వ్యాపారులవి. లోపలంతా వెండేనా, రాగి మీద పూతా అని పరీక్షించి వేసినవి. వాటిని అరుగుదలలో కలపకుండా ‘వి.ఎఫ్., సరాఫు ముద్రలు మూడు’ అని విడిగా రాయండి. వాటిని పూడ్పించే పని పెట్టుకోకండి.

ప్రశ్న: 1940 తర్వాతి ఆరో జార్జి రూపాయిలు పాలిపోయినట్టు, పసుపు కలిసిన బూడిద రంగులో ఉన్నాయి. ఎక్కువ అరిగాయా?

జవాబు: అది లోహం రంగు. 1940 నుంచి రూపాయిలో వెండి సగమే. మిగతాదానిలో నూటికి 40 పాళ్లు రాగి; నికెల్, జింకు చెరో 5 పాళ్లు. సాంద్రత కూడా 9.5 దగ్గరే వస్తుంది, నకలని కంగారుపడకండి. అరుగుదలకు కనుబొమ్మ, చెవి, చెవి పైన జుట్టు, కిరీటం అడుగు పట్టీ చూడండి.

ప్రశ్న: చింతపండుతో తోమి తళతళలాడించాక చూపిస్తే, వివరం ఎక్స్.ఎఫ్. ఉన్నా గ్రేడు ఇవ్వలేమన్నారు. నల్లగా ఉంటేనే విలువా?

జవాబు: నలుపు గొప్పతనం కాదు. అది గాలిలోని గంధకంతో వెండి కలిసి ఏర్పడిన పలుచని పొర. కానీ దాన్ని తీసే ప్రయత్నంలో దాని కింద మెరుపునిచ్చే గీతలు కూడా పోతాయి. చింతపండు పులుపు కొంత చెరుపు చేస్తే, దాంతో పాటు వాడే పీచు, బూడిద, తోముడు పొడి ఇంకా ఎక్కువ చేస్తాయి. నాణెం వాల్చి ఒకే బల్బు వెలుగులో చూడండి. ఒకే దిక్కుకు సాగిన వందల సన్నగీతలు కనిపిస్తాయి, అక్షరం పక్కకు వచ్చేసరికి ఆగిపోతాయి, ఎందుకంటే పీచు ఆ మూలలోకి వెళ్లలేదు. ఆ మూలల్లో నలుపు, ఖాళీ జాగాలో తెలుపు, ఇదే తోమిన నాణెం గుర్తు. ఇలాంటివాటికి గ్రేడింగ్ సంస్థలు అంకె వేయకుండా ‘ఎక్స్.ఎఫ్. వివరాలు, శుభ్రం చేసినది’ అన్న తరహాలో రాసి ఇస్తాయి. సోడాపొడి, అల్యూమినియం రేకు వేసిన వేడినీళ్లు గీతలు పెట్టవు కానీ పైపొరని పాలిపోయిన తెల్లగా వదిలేస్తాయి. పోయిన మెరుపును తిరిగి తెచ్చే మార్గం లేదు. మళ్లీ పాలిష్ పెట్టించకుండా అలాగే వదిలేయండి.

ప్రశ్న: దండలోంచి తీసిన రూపాయి. పైన కొక్కెం ఊడదీసి సాఫు చేయించాం. తెలుస్తుందా?

జవాబు: తెలుస్తుంది. టంకం పెట్టిన చోట అంచు గాట్లు పూడి ఉంటాయి, వేడికి ఆ చుట్టుపక్కల రంగు మారుతుంది, సాఫు చేసిన చోట అంచు కొంచెం పల్చబడుతుంది. చిల్లు పూడ్చినా అంతే, భూతద్దంలో గుండ్రటి గీత దొరుకుతుంది. మిగతా నాణేనికి గ్రేడు వేసి, పక్కన ‘కొక్కెం తీసినది’ అని రాయండి.

ప్రశ్న: ఏటా పూజలో పెట్టే రూపాయిలకు పసుపు, కుంకుమ, నూనె జిడ్డు పట్టి అక్షరాలే కనిపించడం లేదు. కడగకుండా గ్రేడు ఎలా చూడాలి?

జవాబు: కడగొచ్చు, రుద్దకూడదు. ముందు గాజుగిన్నెలో డిస్టిల్డ్ వాటర్ పోసి ఒక రాత్రి నానబెట్టండి. కుంకుమలో చాలా భాగం తనంతట తనే వదులుతుంది. నీళ్లలోంచి తీసి పూర్తిగా ఆరనిచ్చాక, జిడ్డుకూ పసుపు మరకకూ స్వచ్ఛమైన అసిటోన్ వాడాలి. గోళ్ల రంగు తుడిచే ద్రవం వద్దు, అందులో నూనెలూ రంగులూ కలిసి ఉంటాయి. కిటికీలు తెరిచి, దీపం, పొయ్యి దగ్గర లేకుండా చూసుకుని, గాజుగిన్నెలో నాణెం మునిగేంత అసిటోన్ పోసి పది నిమిషాలు ఉంచండి. ప్లాస్టిక్ గిన్నె వద్దు, కొన్ని ప్లాస్టిక్‌లు కరిగి నాణేనికే అంటుకుంటాయి. ఆ మురికి అసిటోన్ పారబోసి కొత్తది పోసి ఇంకోసారి ముంచి తీయండి. ఆగకుండా అదే మురికిలో ఆరనిస్తే కరిగిన జిడ్డంతా మళ్లీ పల్చటి పొరలా నాణెం మీదే పేరుకుంటుంది. అక్షరాల సందుల్లో ఇంకా మిగిలితే తడిపి మెత్తబడిన చెక్కపుల్ల కొనతో నొక్కి ఎత్తండి, పక్కకి లాగకండి. గుండుసూది అసలు వద్దు. తుడవకుండా బట్ట మీద నిలబెట్టి ఆరనివ్వండి.

ఇక మీదట పూజకు విడిగా ఒకటి రెండు అరిగిన రూపాయిలు పెట్టుకుని, మంచివాటిని మైలార్ (పలుచని పారదర్శక ప్లాస్టిక్ పొర) కిటికీ ఉన్న అట్ట హోల్డర్లలో ఉంచండి. మెత్తగా వంగే పి.వి.సి. కవర్లలో కొన్నేళ్లు ఉంటే పచ్చటి జిగురు పడుతుంది, దానికీ ఇదే అసిటోన్ మందు. రబ్బరుబ్యాండు వేసి కట్టకండి, రబ్బరులోని గంధకం నాణెం మీద అడ్డంగా నల్లచార వేస్తుంది. అట్ట హోల్డరుకు వేసే స్టేపుల్ పిన్నుల కాళ్లు బయటికి పొడుచుకు రాకుండా పటకారుతో అణచండి. లేకపోతే పక్క హోల్డరులోని నాణేన్ని గీరేస్తాయి.